మీ డైరెక్టరుగారు లిఫ్టు ఎక్కుతారా?

"జీతం బాగుంది. కారు బాగుంది. పిల్లల చదువు మీరే చూసుకుంటామనడం ఇంకా బాగుంది. ఒక్కటే అడుగుతానండీ," అన్నాడు తలుపుల డాక్టరు, కాఫీ కప్పు పక్కకు జరిపి. "మీ డైరెక్టరుగారు లిఫ్టు ఎక్కుతారా?"

గాలం నవ్వింది. జోకనుకుంది. ఎదుటి మనిషి నవ్వకపోయేసరికి ఆ నవ్వును మధ్యలోనే మడిచి లోపల పెట్టేసుకుంది.

గాలం అన్నది ఆమె అసలు పేరు కాదు, ఆఫీసువాళ్లు పెట్టింది. వేరే కంపెనీల్లో నిక్షేపంగా పనిచేసుకుంటున్న మనుషులను మాటలతో పట్టి తమ కంపెనీలోకి లాక్కురావడం ఆమె ఉద్యోగం. ఎవరు ఏ మాటకు మెత్తబడతారో కనిపెట్టి, ఆ మాటే ముందు విసిరి, దారం వదిలి ఓపిగ్గా కూర్చుంటుంది. ఆ పేరు చాటుగా పెట్టారు. ఆమెకు తెలిశాక నచ్చి ఉంచేసుకుంది.

తలుపుల డాక్టరు కూడా డాక్టరు కాదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టుకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం తలుపుల జబ్బులేనట. ఆ తలుపుల విషయంలో ఊరంతా ఈయన చెయ్యే కోరుకుంటుంది. కొత్తగా కడుతున్న పెద్దాసుపత్రివాళ్లయితే, ఈయన ఏ కంపెనీలో ఉంటే లిఫ్టుల పని ఆ కంపెనీకే ఇస్తామని తెగేసి చెప్పారు.

ఈయన ఉన్నది సందులో ఒక రేకుల షెడ్డు కంపెనీలో.

"లిఫ్టుల కంపెనీ డైరెక్టరు లిఫ్టు ఎక్కకుండా ఎలా ఉంటారండీ?" అంది గాలం.

"చూశారా?"

"ఏమిటి?"

"ఆయన ఎక్కడం. మీ కళ్లతో."

గాలం చల్లారిన కాఫీని చెంచాతో కలిపింది.

"చూసి చెప్పండి," అని డాక్టరు తన పనిముట్ల బ్యాగు భుజాన వేసుకుని లేచాడు. ఆ బ్యాగు లేకుండా ఆయన కాఫీ తాగడానికి కూడా రాడు. "తొందరేం లేదు."

తొందర లేనిది ఆయనకు. గాలానికి చాలా ఉంది. "శుక్రవారం లోపు డాక్టరు సంతకం కావాలమ్మా," అని పొద్దున్నే డైరెక్టరు తీయగా చెప్పాడు. "లేదంటే సోమవారం నుంచి నువ్వు కష్టపడి రానక్కర్లేదు."

కష్టపడి రానక్కర్లేని రోజులు ఎలా ఉంటాయో ఆమెకు బాగా తెలుసు. ఈ ఉద్యోగానికి ముందు ఒక ఏడాది ఖాళీగా ఉంది. భర్త ఓడ మీద పనిచేస్తాడు, ఎప్పుడోగానీ ఒడ్డు చేరడు. ఇంట్లో అత్తగారు. ఆవిడకు చెప్పలేక, రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని, అత్తగారు కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని, పార్కులో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చేది. ఆ బెంచీని తలుచుకుంటే ఇప్పటికీ వీపు నొప్పి పుడుతుంది.

దారిలోనే, ఆమెకంటే ముందు ఈ ఉద్యోగం చేసి పోగొట్టుకున్న మనిషికి ఫోన్ చేసింది.

"నిన్నూ అదే అడిగాడా?" అన్నాడతను. "నన్ను డాక్టరే కాదు, ఆ షెడ్డులో ముగ్గురు అడిగారు. ఎక్కుతారనే చెప్పాను. సరే చూద్దాం అన్నారు. మళ్లీ ఫోనెత్తితే ఒట్టు. పొమ్మనడానికి వాళ్ల పద్ధతి అదేమోనని ఊరుకున్నాను."

గాలం ఊరుకునే రకం కాదు. ఆమెకు ఒక జబ్బుంది. ఏదైనా అర్థం కాకపోతే అరికాళ్లలో దురద మొదలవుతుంది. అర్థమయ్యేదాకా కాలు ఒక చోట నిలవదు.

*

మర్నాడు ఆఫీసుకు ముందుగా వచ్చి కింద హాల్లో నిలబడింది.

ఆఫీసు ఆరో అంతస్తులో. డైరెక్టరు కారు దిగాడు, చకచకా మెట్ల వైపు నడిచాడు. ఇది కొత్త సంగతి కాదు. "గుండెకు మంచిది" అని ఆయన రోజూ మెట్లే ఎక్కుతాడు. ఆయన వెనక మేనేజర్లు, మేనేజర్ల వెనక మిగతావాళ్లు, చెప్పినవాళ్లు లేకపోయినా వరసగా ఎక్కుతారు. నాలుగో అంతస్తు మలుపులో లావుపాటి అకౌంటెంటు గోడకు చెయ్యి ఆనించి, ఫోన్ చెవిన పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఊఁ... ఊఁ..." అంటూ ఊపిరి పీల్చుకుంటాడు. గాలం కూడా ఇన్నాళ్లూ ఆ ఊరేగింపులో నడిచిందే. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు.

లిఫ్టు మాత్రం మంచినీళ్ల డబ్బాలను, పాత కంప్యూటర్లను మోసుకుంటూ ఒంటరిగా తిరుగుతోంది.

హాల్లో ఒక మూల కంపెనీ మెకానిక్ నిలబడి టీ తాగుతున్నాడు. నడివయసు మనిషి. ఎంత తోమినా గోళ్లలోంచి నలుపు పోదు కాబట్టి అందరూ గ్రీజు అంటారు.

"గ్రీజన్నా, సార్ ఎప్పుడైనా ఈ లిఫ్టు ఎక్కారా?"

"నేను చూడలేదు మేడమ్." ఒక గుక్క తాగి, "నన్నూ ఆయన చూడలేదు లెండి," అన్నాడు.

"లిఫ్టు బాగానే ఉంటుందిగా?"

గ్రీజు జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. "ఒక్కో లిఫ్టుకు ఇంతసేపని ఇందులో వేసి ఉంటుంది. అయిపోగానే కుయ్యిమంటుంది. అది కుయ్యిమంటే మూత బిగించి ఇంకో బిల్డింగుకు పోవాలి."

"పని మధ్యలో ఉంటే?"

"ఫోన్‌కు తెలీదు కదా మేడమ్, మధ్యలో ఉన్నామని." అప్పుడే కుయ్యిమంది. ఆయన టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రానికి ఇంకో ముక్క దొరికింది. డాక్టరుకు ఇవ్వాల్సిన నియామకపు కాగితాలు తన ఇంటికి తెమ్మన్నాడు డైరెక్టరు. ఆయన ఉండేది ఎత్తయిన అపార్టుమెంటులో, పై నుంచి రెండో అంతస్తు. గాలం కింద సోఫాలో కూర్చుంది. ఇంత ఎత్తు నుంచి మెట్లు దిగి వచ్చేసరికి ఎంత సేపవుతుందో అనుకుంటూ ఉంది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. చంకలో బుల్లి కుక్కపిల్లతో, ఇంటి చెప్పులతో, ఈల వేసుకుంటూ డైరెక్టరు బయటికి వచ్చాడు.

గాలం లేచి నిలబడి సంతకాలు పెట్టించుకుంది. కళ్లు మాత్రం ఆయన భుజం మీదుగా లిఫ్టులోకే. లోపలి గోడకు చిన్న ఇత్తడి రేకు ఉంది. చెడిపోతే ఫోన్ చేయవలసిన నంబరు ఉంది దాని మీద. ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. వారాల తరబడి డాక్టరు కోసం ఆమె చేస్తున్న షెడ్డు నంబరే అది.

"ఇక్కడ లిఫ్టులు మనవి కాదా సార్?" అంది, ఏమీ ఎరగనట్టు.

డైరెక్టరు కుక్కపిల్ల చెవులు నిమిరాడు. "అపార్టుమెంటు కమిటీ వ్యవహారాలమ్మా. నాకేం సంబంధం?"

బయటికి వస్తూ గేటు దగ్గర కాపలా మనిషిని అడిగింది, ఈ కమిటీ పెద్ద ఎవరని.

"మన సారే కదమ్మా, ఇప్పుడు మీరు కలిసినాయన," అన్నాడు. "వచ్చిన కొత్తలో వేరే లిఫ్టు కంపెనీ ఉండేది. పట్టుబట్టి మరీ దీన్ని పెట్టించారు."

గాలానికి అరికాళ్ల దురద మోకాళ్ల దాకా పాకింది.

*

మర్నాడు పొద్దున్నే గాలం షెడ్డుకు వెళ్లింది. ముందు భాగమంతా లిఫ్టు తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి, ఇల్లు లేని గుమ్మాల్లాగా. లోపల గుండ్రటి చక్రాలు, ఇనప తాళ్ల చుట్టలు, నూనె వాసన. యజమానిని అక్కడ అందరూ అక్కా అంటారు, ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా. తెల్లటి క్రాపు, కాళ్లకు పరుగుపందెం బూట్లు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు.

"నువ్వు నాలుగోదానివి," అందావిడ గాలాన్ని చూసి. "మొదటి ముగ్గురూ ఫోన్లతో సరిపెట్టారు. నువ్వు ఏకంగా గుమ్మంలోకే వచ్చావు. కూర్చో."

"మీ మనిషిని లాక్కుపోవడానికి వచ్చానండీ. కుర్చీ వేస్తున్నారేమిటి?"

"నిలబెడితే మానేస్తావా?"

గాలం కూర్చుంది.

"వాణ్ణి వెళ్లమని నేనే చెప్పాను," అంది అక్క. "నువ్విచ్చే దాంట్లో సగం కూడా నేనివ్వలేను. వాళ్లావిడ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ తప్పు లేదు."

"మరి ఆయనేమన్నారు?"

"ఏదో కనుక్కుని చెబుతానన్నాడు."

"ఆ ప్రశ్న మీరే నేర్పారా?"

"ఏ ప్రశ్న?"

గాలం చెప్పింది. అక్క కళ్లద్దాలు పైకెత్తి ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, మూలనున్న మడత స్టూలు చంకలో పెట్టుకుంది. "నాకిప్పుడు పనుంది. రా, చూద్దువుగాని."

రెండు వీధుల అవతల ఒక పాత ఆఫీసుల భవనం. లిఫ్టుకు కొత్త తాళ్లు, కొత్త బ్రేకు వేశారట. పొట్టి అని వాళ్లు పిలిచే మెకానిక్ ఒకడు పైన మిద్దె మీద యంత్రం గదిలో ఉన్నాడు. కింద ఇద్దరు మనుషులు లిఫ్టులోంచి ఇనప దిమ్మలు బయటికి మోస్తున్నారు. మొదట వాటిని పెట్టి పరీక్ష చేశారని, లిఫ్టు ఉన్నట్టుండి జారితే ఆపవలసిన బ్రేకు సరిగ్గానే ఆపిందని చెప్పారు.

"అయిపోయినట్టేగా మరి," అంది గాలం.

"నా వంతు ఉంది," అంటూ అక్క లోపలికి నడిచి, స్టూలు వేసుకుని, పేపరు మడిచి, పజిలు ఉన్న పేజీ మోకాలి మీద పెట్టుకుని, పెన్సిలు తీసింది. "కొత్తగా పని చేసిన ప్రతి లిఫ్టులోనూ ముందు నేను కూర్చుంటాను. చేసినవాడు పై నుంచి వదులుతాడు. కాస్త జారుతుంది, బ్రేకు పట్టుకుంటుంది. అంతే. బయట ఉంటావా, లోపల ఉంటావా?"

గాలానికి బయట ఉండాలనే ఉంది. కానీ దురద లోపలికి తోసింది.

అక్క ఫోన్ నేల మీద పెట్టింది. అందులోంచి పొట్టి గొంతు వినిపించింది. "అక్కా, కూర్చున్నావా?"

"కూర్చున్నా. ఇవాళ ఒకరు ఎక్కువున్నారు."

"ఎవరు?"

"మన డాక్టరును ఎత్తుకుపోవడానికి వచ్చినావిడ."

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడు పొట్టి.

పైన ఎక్కడో అడుగులు. ఇనుము మీద ఇనుము తట్టిన చప్పుడు. ఏదో బిగిస్తున్న కిర్రుమనే మోత.

"ఏం చేస్తున్నాడు?" గాలం గొంతు తగ్గించి అడిగింది.

"మళ్లీ చూసుకుంటున్నాడు."

"ఇందాక దిమ్మలు పెట్టి చూశారు కదా?"

"చూశాడు. అవి దిమ్మలు," అంది అక్క, పెన్సిలు కదిలిస్తూ. "ఇందులో నా గొప్పేం లేదమ్మాయ్. నేనెక్కి కూర్చుంటే వాడు ఒక్క నిమిషం ఆగుతాడు. జీతం పెంచితే ఆగడు, తిడితే ఆగడు. ఆ నిమిషం ఇంకెక్కడా దొరకదు. అందుకని ఎక్కుతాను."

"భయం వేయదా?"

"ఎందుకు వేయదు? ఈ పజిలు దేనికనుకున్నావు?" పేపరు ఇటు తిప్పింది. గళ్లలో ఒక్క అక్షరం లేదు. అన్నీ పిచ్చి గీతలు, సున్నాలు, ఒక మూల పిల్లి బొమ్మ.

"అక్కా, వదులుతున్నా," అంది ఫోన్.

కాళ్ల కింద నేల లేకుండా పోయింది. ధడేలుమని లిఫ్టు ఆగింది. ఆగాక చూసుకుంటే ఆమె రెండు చేతులూ అక్క భుజాన్ని పట్టుకుని ఉన్నాయి.

"పట్టింది," అంది అక్క ఫోన్‌తో.

"హమ్మయ్య," అంది ఫోన్.

బయటికి వచ్చాక, దిమ్మల పక్కన స్టూలు వేసుకుని అక్క మోకాళ్లు రాసుకుంది. "ఇవి అరిగిపోయాయి. ఇంకెన్నాళ్లు ఎక్కుతానో తెలీదు. నా తర్వాత ఎవరెక్కుతారని మావాళ్ల దిగులు. పైకి ఎవరూ అనరు. డాక్టరు నీ కారు మీద మోజుతో నీతో కాఫీ తాగలేదమ్మాయ్. నా తర్వాత ఎక్కే మనిషి కోసం వెతుక్కుంటున్నాడు."

గాలం అపార్టుమెంటు సంగతి చెప్పేసింది. చెప్పకుండా ఉండలేకపోయింది. అక్క పగలబడి నవ్వింది. "ఆయనకు మా పని బాగా నచ్చిందిలే. అప్పుడప్పుడూ ఫోన్ చేసి మెచ్చుకుంటాడు కూడా."

*

డాక్టరుకు ఫోన్ చేసి, గ్రీజు ఫోన్ కుయ్యిమనడంతో సహా ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ ప్రశ్నకు జవాబు దొరికిందండీ. ఎక్కుతారు. కాకపోతే మీవాళ్లు చూసే లిఫ్టే ఎక్కుతారు."



"మీరు అబద్ధం చెబుతారనుకున్నాను," అన్నాడు డాక్టరు. "సరే, ఒక అవకాశం ఇద్దాం. మా ఇంట్లో కూడా రోజూ ఇదే పోరు. మీ ఆఫీసు లిఫ్టును మీ మెకానిక్ చేతనే బాగు చేయించండి. ఫోన్ కుయ్యిమనకుండా, ఆయనకు తృప్తి కలిగేదాకా. నేను వేలు కూడా పెట్టను. శుక్రవారం పొద్దున వచ్చి పక్కన నిలబడతాను. మీ డైరెక్టరుగారు ఎక్కితే అక్కడికక్కడే సంతకం పెడతాను."

గాలం డైరెక్టరు గదిలోకి వెళ్లింది. "శుక్రవారం డాక్టరు మన ఆఫీసుకు వస్తున్నారు సార్. మీరు మన లిఫ్టులో పైకి వస్తే సంతకం పెడతానంటున్నారు."

డైరెక్టరు ముఖం ముడుచుకుంది. వేళ్లు బల్ల మీద నడిచాయి. తర్వాత నెమ్మదిగా వెలుగొచ్చింది. "డాక్టరే వస్తున్నాడా? ఆ బ్యాగుతో?"

"బ్యాగుతోనే సార్."

"అయితే ఎక్కుదాం. దానిదేముంది?"

ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజాన్ని ఒక పక్క నుంచి చూపించిందంతే. డాక్టరే లిఫ్టు బాగుచేస్తున్నాడని ఆయన అనుకుంటే అది ఆయన అనుకోవడం. ఆయన ఎక్కుతాడు, ఈయన సంతకం పెడతాడు, తన ఉద్యోగం నిలుస్తుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. అలా అనుకుంటూ కిందికి దిగింది. మనసులో ఎక్కడో చిన్న రాయి మాత్రం గుచ్చుకుంటూనే ఉంది.

గ్రీజుకు చెబితే ముందు నమ్మలేదు. "సార్ ఎక్కుతారా? నేను చేసిందాన్నా?"

"మీరు చేసిందాన్నే."

ఆయన ఫోన్ తీసి, నోరు నొక్కేసినట్టు దాని గొంతు ఆపేసి, హాల్లో పూలకుండీ వెనక పెట్టేశాడు. బుధవారం, గురువారం ఆ లిఫ్టు దగ్గర నుంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడే, గడప మీద కూర్చుని. గురువారం సాయంత్రం గాలాన్ని పిలిచి ఒక డబ్బా మూత చూపించాడు. "తలుపు జరిగే గాడిలో ఏం దొరికాయో చూడండి మేడమ్." పిన్నులు, చొక్కా గుండీలు, ఒక ముక్కుపుడక, ఎవరిదో సగం విరిగిన ఐడీ కార్డు. "ఇన్నాళ్లూ వీటి మీద నుంచే తలుపు కుంటుకుంటూ పోయేది. నాకు తెలుసు. తీసే టైముండేది కాదు." తలుపు మూసి తెరిచి చూపించాడు. చప్పుడు లేదు. ఇంకోసారి మూసి తెరిచాడు, గాలం కోసం కాదు, తన కోసం.

ఆ రాత్రి భోజనం దగ్గర గాలం అత్తగారితో అంది, "ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో రేపు తేలిపోతుంది అత్తయ్యా."

"ఊడితే మళ్లీ పార్కుకేనా?" అందావిడ, పెరుగు వడ్డిస్తూ.

గాలం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీకెలా తెలుసు?"

"రోజూ నీ చెప్పులకు గడ్డి అంటుకుని వచ్చేది. ఆఫీసుల్లో గడ్డి మొలుస్తుందా తల్లీ?"

"మరి ఒక్కరోజూ అడగలేదేం?"

"చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావని డబ్బా కట్టి పంపాను. ఎక్కడ కూర్చున్నా ఆకలేస్తుంది కదా." ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది. "ఈసారి వెళితే చెప్పి వెళ్లు. నేనూ వస్తాను. ఇంట్లో గాలాడి చావడం లేదు."

*

శుక్రవారం పొద్దున కింద హాలు నిండిపోయింది. డైరెక్టరు లిఫ్టు ఎక్కుతాడట అన్న వార్త ఎలా పాకిందో పాకింది. ఆఫీసు మొత్తం అక్కడే ఉంది.

డాక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బ్యాగు కాళ్ల దగ్గర ఉంది. దాని జిప్పు తీయలేదు. గ్రీజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తల నున్నగా దువ్వుకుని లిఫ్టు పక్కన నిలబడ్డాడు. పెళ్లిచూపులకు వచ్చినట్టున్నాడని ఎవరో చెవులు కొరుక్కున్నారు.

డైరెక్టరు వచ్చాడు. కొత్త బూట్లు, గుప్పుమనే సెంటు. డాక్టరును చూశాడు, బ్యాగును చూశాడు, తృప్తిగా తల ఊపాడు. గ్రీజు బొత్తాం నొక్కాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. గాలం చంకలో నియామకపు కాగితాలు, చేతిలో పెన్ను. ఇంకొక్క అడుగు.

డైరెక్టరు ఒక కాలు లోపల పెట్టాడు. పెట్టి, గాలం వైపు కొంచెం వంగి, పెదవులు కదలకుండా అడిగాడు. "డాక్టరే చూశాడుగా?"

ఊఁ అంటే చాలు. నోరు కూడా తెరవనక్కర్లేదు, తల ఊపితే చాలు. సోమవారం ఉంటుంది, ఆ తర్వాత మంగళవారం ఉంటుంది, పార్కు బెంచీ ఎవరో ముసలాయనకు దక్కుతుంది. గాలం తల ఎత్తింది. డైరెక్టరు భుజం పక్కనే గ్రీజు ముఖం కనిపించింది. ఆయనకు ఆ మాట వినిపించింది. ఎవరో తన పేరు చెప్పబోతున్నారని తెలిసినవాడిలా, నిటారుగా, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"లేదు సార్," అంది గాలం, మామూలు గొంతుతోనే. "డాక్టరుగారు చెయ్యి కూడా పెట్టలేదు. మన గ్రీజన్న చేశాడు. చాలా బాగా చేశాడు."

హాల్లో అందరూ ఆ బూటునే చూస్తున్నారు. అది ఒక క్షణం లిఫ్టు నేల మీద అలాగే ఉంది. తర్వాత వెనక్కి వచ్చింది. ఉలిక్కిపడినట్టు కాదు. ఏదో గుర్తొచ్చినట్టు, మర్యాదగా.

"అరె, ముఖ్యమైన కాల్ ఒకటి ఉంది," అన్నాడు డైరెక్టరు, ఫోన్ తీసి. "మెట్ల మీద మాట్లాడుకుంటూ వెళతాను. గుండెకు కూడా మంచిది." రెండు అడుగులు వేసి ఆగాడు. "నువ్వు పైకి రామ్మా. నీతో మాట్లాడాలి."

ఆ మాట్లాడేదేమిటో గాలానికి తెలుసు.

ఆయన వెనక మేనేజర్లు కదిలారు. వాళ్ల వెనక ఇంకొందరు, అలవాటు కొద్దీ. కొందరు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి లిఫ్టును చూసి, ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయారు. డాక్టరు బ్యాగు ఎత్తి భుజాన వేసుకున్నాడు.

గ్రీజు కడుక్కున్న చేతులు వెనక్కి పెట్టుకుని నేల పలకల వంక చూస్తున్నాడు.

"గ్రీజన్నా," అంది గాలం. "నేను పైకి వెళ్లాలి. ఎక్కనా?"

ఆయన తల ఎత్తాడు. "మీరా మేడమ్?"

"నేనే." లోపలికి వెళ్లి నిలబడింది. అక్కలాగా ఒక పజిలు తెచ్చుకుని ఉండవలసింది.

"నేనూ వస్తాను," అంటూ డాక్టరు లోపలికి వచ్చాడు. "ఇంత మెత్తగా జరిగే తలుపు చూసి చాలా రోజులైంది."

"కొంచెం జరగండమ్మా, నాకూ చోటివ్వండి," అంటూ లావుపాటి అకౌంటెంటు పక్కకు తిరిగి దూరాడు. "సార్ ఏమనుకుంటే అనుకోనీ. ఆ నాలుగో అంతస్తు మలుపు ఇక నా వల్ల కాదు."

గ్రీజు ముగ్గురినీ వరసగా చూశాడు. పైకి చూశాడు.

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాడు.

టార్చి అందుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ, మేనేజర్లను తోసుకుంటూ పైన యంత్రం గదికి పరుగెత్తాడు.

లిఫ్టులో ముగ్గురూ నిలబడి ఉన్నారు. పైన అడుగుల చప్పుడు, ఏదో బిగిస్తున్న మోత. గాలానికి ఆ మోత వింటుంటే భయం తగ్గి, ఇంకో దురద మొదలైంది.

"డాక్టరుగారూ, ఒకటడుగుతాను. అక్క తర్వాత లిఫ్టు ఎక్కే మనిషి కోసం మీరు వెతుకుతున్నారు కదా?"

"అవునండీ."

"మీరే ఎక్కొచ్చుగా?"

డాక్టరు ఆమెను వింతగా చూశాడు. "నేనా? నేను బాగుచేసేవాణ్ణండీ. ఆ కుర్చీ నాది కాదు."

"అది కుర్చీ కూడా కాదు, మడత స్టూలు," అంది గాలం. "ఏమో, మీ ఇష్టం. మనుషుల్ని లాగడం నా పని కదా, అలవాటు కొద్దీ అన్నాను."

డాక్టరు బ్యాగును ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాడు. ఎదుటి మనిషి ఇలా అటూఇటూ కదిలాడంటే గాలానికి దారం బిగిసిందని గుర్తు.

"ఇప్పుడు నొక్కండి మేడమ్," పై నుంచి గ్రీజు కేక వినిపించింది.

గాలం ఆరో నంబరు నొక్కింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. అకౌంటెంటు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాళ్ల కింద నేల మెత్తగా పైకి లేచింది.

లిఫ్టు తలుపుకు సన్నటి నిలువు అద్దం ఉంది. ఒక్కో అంతస్తూ అందులోంచి కిందికి జారిపోయింది. నాలుగో అంతస్తు దగ్గర మెట్ల మలుపు కనిపించింది. డైరెక్టరు గోడకు చెయ్యి ఆనించి, ఫోన్ చెవిన పెట్టుకుని, "ఊఁ... ఊఁ..." అంటున్నాడు.